పసుపు మీద ఆంక్ష లేదు, పైసల దారి మీద ఉంది: నిజామాబాద్ నుంచి ఒక కేసు

విదేశాంగ ఆంక్షల గురించి రాసేవాళ్లు ఎక్కువగా విధించే దేశం వైపు నుంచి రాస్తారు. ఈ కేసు చివరి మెట్టు నుంచి చూసినది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే, లేదా పడకపోతే, ఉత్తర తెలంగాణ నుంచి ఇరాన్‌కు పోయిన 60 టన్నుల పసుపు డబ్బు ఏడాదికి పైగా ఎట్లా ఇరుక్కుంది, ఎట్లా బయటపడింది అన్నది విషయం. ఎగుమతిదారుకు సలహా ఇచ్చినవాళ్లం మేమే. ఎగుమతిదారు, కొనుగోలుదారు, వాళ్ల బ్యాంకుల పేర్లు తీసేశాం. మొత్తాలను గుండ్రం చేశాం. ప్రభుత్వ ఉత్తర్వుల తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం, ఎందుకంటే కేసంతా తేదీల మీదే నడిచింది.

నేపథ్యం

ఎగుమతిదారు నిజామాబాద్ యార్డులో రెండో తరం ఖరీదుదారు. ఫిబ్రవరి నుంచి మే దాకా వచ్చే పసుపు కొమ్ము కొని, పాలిష్ పట్టించి, తడి 10 శాతం లోపుకు దించి, సంచుల్లో నింపి ముంబయి పక్కనున్న నావా షేవా రేవుకు పంపుతాడు. పెద్ద గిరాకీ ఇరాన్‌లోని ఒక మసాలా దినుసుల దిగుమతిదారు. ఆరేడేళ్ల పరిచయం, ఎప్పుడూ ఎగవేత లేదు. అందుకే 90 రోజుల అరువు మీద సరుకు పోయేది.

డబ్బు వచ్చే దారి ఇది. 2012లో భారత్, ఇరాన్ కలిసి యూకో బ్యాంకులో రూపాయి ఖాతా ఏర్పాటు చేసుకున్నాయి. మన చమురు శుద్ధి సంస్థలు ఇరాన్ చమురు బిల్లులో కొంత భాగాన్ని అందులో రూపాయల్లో వేసేవి. ఇరాన్ దిగుమతిదారు అక్కడ తన బ్యాంకులో రియాళ్లు కడితే, ఇక్కడ ఆ ఖాతాలోంచి మన ఎగుమతిదారు బ్యాంకుకు రూపాయలు వచ్చేవి. డాలరు ముట్టుకునే పని లేదు, న్యూయార్క్ దాకా పోయే పని లేదు.

ఈ ఖాతా వెనుక ఉన్నదీ ఆంక్షే. అమెరికా 2012 రక్షణ బడ్జెట్ చట్టంలోని 1245వ సెక్షన్ ప్రకారం, ఇరాన్ కేంద్ర బ్యాంకుతో చమురు లావాదేవీ జరిపే విదేశీ బ్యాంకుకు అమెరికాలో ఖాతా పోయే ప్రమాదం ఉంది. చమురు కొనుగోలును గణనీయంగా తగ్గించిన దేశానికి మాత్రం 180 రోజులకోసారి ఊరట ఇస్తారు. 2013 ఫిబ్రవరి నుంచి ఇంకో మెలిక చేరింది: చమురు డబ్బు కొన్న దేశంలోనే ఉండాలి, ఆ రెండు దేశాల మధ్య వ్యాపారానికే వాడాలి. అంటే ఇరాన్ చేతిలో ఉన్న రూపాయలతో మన దగ్గర తప్ప ఇంకెక్కడా కొనడానికి వీల్లేదు. మన బియ్యం, టీ, పసుపు ఎగుమతిదారులకు ఆ గిరాకీలో కొంత ఈ ఆంక్ష తెచ్చిపెట్టిందే. యార్డులో ఎవరూ అట్లా అనుకోలేదు. గిరాకీ మన సరుకు నాణ్యత వల్ల అనే అనుకున్నారు.

సమస్య

2018 మే 8న అమెరికా ఇరాన్ అణు ఒప్పందం నుంచి తప్పుకుంది. నవంబరు 5న చమురు, బ్యాంకుల మీద ఆంక్షలు తిరిగి వచ్చాయి. అదే రోజు భారత్‌తో కలిపి ఎనిమిది దేశాలకు 180 రోజుల సడలింపు ఇచ్చారు. 2019 ఏప్రిల్ 22న ఇక పొడిగించం అని ప్రకటించారు. మే 2న అది ముగిసింది. భారత్ ఇరాన్ చమురు కొనడం ఆపేసింది.

ఎగుమతిదారు ఆగస్టులో నాలుగు 20 అడుగుల కంటెయినర్లు పంపాడు. ఒక్కోదానిలో 15 టన్నులు, మొత్తం విలువ దాదాపు 45 లక్షల రూపాయలు. అడిగితే ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది: "ఆంక్షలు చమురు మీద గదా సార్, పసుపు తినేది." రాతలో అది నిజమే. సరుకు చేరింది, కొనుగోలుదారు బిల్లును అంగీకరించాడు, నవంబరులో గడువు వచ్చింది. డబ్బు రాలేదు.

ఇక్కడ రైతుల బాకీ ఏమీ లేదు. తక్‌పట్టీల (యార్డు అమ్మకపు చీటీల) ప్రకారం అడ్తిదార్ల (కమీషన్ ఏజెంట్ల) ద్వారా అందరికీ ఎప్పుడో ముట్టింది. ఇరుక్కున్నది ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు ఎక్కించే ముందు ఎగుమతి కోసం ఇచ్చే అప్పు) కింద బ్యాంకు ఇచ్చిన 30 లక్షలు, సొంత 15 లక్షలు. దానికి తోడు ఎగుమతి డబ్బు తొమ్మిది నెలల్లో తేవాలన్న అప్పటి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) గడువు నెత్తి మీద ఉంది. అంటే 2020 మే.

ముందు తేల్చుకోవాల్సిన మూడు మాటలు

ఇట్లాంటి కేసులో మొదటి గంట మాటల మీదే పెట్టాలి. తెలుగు పత్రికలు మినహాయింపు, సడలింపు, అనుమతి అన్నీ ఒకే అర్థంలో రాస్తాయి. పనిలో అవి వేరు.

మినహాయింపు చట్టంలోనే ఉంటుంది, దానికి గడువు ఉండదు. ఆహారం, మందులు ఈ కోవలోవి. ఇది దయతో వచ్చింది కాదు. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత భారత్, పాకిస్తాన్‌ల మీద అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు, ఆ చట్టంలో అధ్యక్షుడు సడలించే వీలు కూడా లేదు. మొదటి కిటికీ తెరిచింది అమెరికా గోధుమ రైతులు. పాకిస్తాన్‌కు గోధుమ అమ్ముకోవడం ఆగిపోతుందని గోల చేస్తే, జులై 14 కల్లా వ్యవసాయ ఎగుమతులకిచ్చే అప్పును ఆంక్షల నుంచి తప్పిస్తూ చట్టం తెచ్చారు. మిగతా ఆంక్షల సడలింపుకు అధికారమిచ్చే చట్టం అక్టోబరులో వచ్చింది. పూర్తిగా ఎత్తేసింది 2001 సెప్టెంబరు 22న. ఆహారాన్ని పక్కన పెట్టాలన్న సూత్రం 2000లో మరో చట్టంగా స్థిరపడింది, ఇరాన్ ఆంక్షల్లోనూ ఆ మినహాయింపు ఉంది. వాళ్ల గోధుమ కోసం తెరిచిన కిటికీలోంచే మన పసుపూ పోతున్నది.

సడలింపు అంటే ఆంక్ష ఉంటుంది, అమలు ఆపుతారు, తేదీ ఉంటుంది. ఎనిమిది దేశాలకు ఇచ్చింది ఇదే. చట్టంలో దాని పేరు మినహాయింపే గానీ స్వభావం సడలింపుది. మూడోది అనుమతి, అంటే లైసెన్సు: ఫలానా లావాదేవీ, ఫలానా షరతులతో చేసుకోవచ్చని అమెరికా ట్రెజరీ (ఆర్థిక) శాఖలోని ఆంక్షల కార్యాలయం రాసిచ్చేది.

ఈ కేసులో పసుపుకు మినహాయింపు ఉంది. డబ్బు వచ్చే ఖాతాకు నీళ్లు పోసింది మాత్రం చమురు మీది సడలింపు. అది ఆగాక బావిలో ఉన్నంతే, కొత్త ఊట లేదు. మే తర్వాత ఆ ఖాతాలో మిగిలిన రూపాయల కోసం దేశంలోని ఎగుమతిదారులంతా వరుస కట్టారు. అందులో బాస్మతి వాళ్లదే పెద్ద చెయ్యి. ఆగస్టులో సరుకు ఎక్కించినప్పుడు అడగాల్సిన ప్రశ్న "పసుపు పంపొచ్చా" కాదు, "నా వంతు వచ్చేసరికి ఖాతాలో పైసలు ఉంటాయా".

ప్రయత్నాలు, వైఫల్యాలు

మొదటి ప్రయత్నం ఎదురుచూపు. రెండు నెలలు. కొనుగోలుదారు రియాళ్లు కట్టిన రసీదు పంపాడు, అది నిజమైనదే. అయినా వృథా, ఎందుకంటే 2019 సెప్టెంబరు 20న అమెరికా ఇరాన్ కేంద్ర బ్యాంకును ఉగ్రవాద నిరోధక ఉత్తర్వు కింద కూడా ఆంక్షల జాబితాలో చేర్చింది. అంతకుముందు ఆ బ్యాంకు మీద ఉన్న ఆంక్షల్లో ఆహారానికి దారి ఉంది. ఈ కొత్త ఉత్తర్వు కింద ఆ దారి ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరికీ స్పష్టం కాలేదు. ఒకే బ్యాంకు మీద రెండు వేర్వేరు అధికారాల కింద ఆంక్ష పడితే, ఒకదాని మినహాయింపు రెండోదానికి దానంతట అదే వర్తించదు. జాబితాలో పేరు ఉందా లేదా అని చూసి ఆగేవాళ్లు ఇక్కడే పొరబడతారు. పేరు పక్కన ఏ ఉత్తర్వు సంకేతం ఉందో చూడాలి.

రెండోది దుబాయ్ దారి. కొనుగోలుదారు చెప్పగానే ఒక ఎక్స్‌ఛేంజ్ హౌస్ (డబ్బు మార్పిడి సంస్థ) నుంచి డాలర్లలో కొంత మొత్తం పంపించారు. అది ఇక్కడి దాకా రాలేదు. డాలరు బదిలీ మధ్యలో అమెరికా బ్యాంకును తాకుతుంది. బదిలీ సందేశంలో బిల్లు నంబరు, ఇరాన్ ఓడరేవు బందర్ అబ్బాస్ పేరు ఉన్నాయి. మధ్యవర్తి బ్యాంకు ప్రశ్నలు వేసి, జవాబు రాక, వెనక్కి పంపింది. తిరిగి రావడం అదృష్టమే, అక్కడే స్తంభింపజేసి ఉంటే విడిపించుకోవడానికి లైసెన్సు అడుక్కోవాల్సి వచ్చేది. ఇంకో లోపం కూడా ఉంది: డబ్బు చేరి ఉన్నా, పంపినవాడు షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్ దగ్గర దాఖలు చేసే ఎగుమతి పత్రం) మీద లేని మూడో మనిషి. మన బ్యాంకు దాన్ని ఆ బిల్లుకు జమకట్టలేదు.

ఆ తర్వాత మంచి మనసుతో ఇచ్చిన రెండు సలహాలు వచ్చాయి, రెండూ ప్రమాదకరమైనవే. ఒకటి: సందేశంలో ఇరాన్ మాట తీసేసి మళ్లీ పంపితే సరి. మినహాయింపు ఉన్న సరుకు ఇది, దాచాల్సిన అవసరమే లేదు. దాస్తే మాత్రం సక్రమమైన లావాదేవీ ఆ క్షణాన మోసం అవుతుంది. అమెరికా చట్టంలో ఉల్లంఘన చేసినవాడితో పాటు చేయించినవాడూ బాధ్యుడే. రెండోది: హైదరాబాద్‌లో నగదు ఇప్పిస్తాం. చేతికి డబ్బు వస్తుంది గానీ షిప్పింగ్ బిల్లు రిజర్వు బ్యాంకు ఎగుమతుల పర్యవేక్షణ వ్యవస్థలో తెరిచే ఉంటుంది, ఫెమా 13వ సెక్షన్ కింద మొత్తానికి మూడింతల దాకా జరిమానా పడొచ్చు. పైగా 2020 మార్చి 23న జీఎస్టీ నిబంధనల్లో 96బి చేరింది: గడువులో ఎగుమతి డబ్బు రాకపోతే తీసుకున్న రీఫండ్ వెనక్కి కట్టాలి. నగదు తీసుకున్నవాడు కాగితం మీద డబ్బు రానివాడే. రెండింటినీ కాదన్నాం. మొదటిదాన్ని వదులుకోవడానికి ఎగుమతిదారు ఒప్పుకున్నాడు, రెండోదాన్ని కాదన్నందుకు వారం రోజులు అలిగాడు.

ఇదే కాలంలో ఒక నిర్ణయం రెండో సరుకు గురించి. ఫిబ్రవరికి ఇంకో రెండు కంటెయినర్లు ఒప్పుకున్నాడు. పెద్ద విదేశీ ఓడ కంపెనీలు 2018లోనే ఇరాన్ బుకింగ్‌లు వదిలేశాయి, ఇరాన్ ప్రభుత్వ ఓడ కంపెనీ చౌకగా ఇస్తానంది. ఆ కంపెనీ మీద 2019 డిసెంబరు 11న కొత్త ఆంక్ష ప్రకటించారు, అమలు మాత్రం 2020 జూన్ 8 నుంచి. ఆహారం, మందులు పంపేవాళ్లు వేరే ఓడ వెతుక్కోవడానికే ఆ 180 రోజులు. కాబట్టి ఫిబ్రవరిలో ఎక్కించడం గడువు లోపలే. అయినా వద్దన్నాం. ఓడ ప్రయాణం గడువు లోపల ముగిసినా, 90 రోజుల అరువు బిల్లు జూన్‌కు జరుగుతుంది. బ్యాంకు అధికారి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) చూసేది ఆ రోజు. అప్పటికి ఓడ పేరు ఎర్రగా మెరుస్తుంది. ఆయన డిసెంబరు ఉత్తర్వు చదివి 180 రోజులు లెక్క కడతాడని ఆశించడం దండగ. ఆ రెండు కంటెయినర్ల సరుకు తక్కువ ధరకు దేశంలోనే అమ్మేశాడు. కిలోకు ఐదారు రూపాయలు నష్టం.

పనిచేసింది

ఫలితం మారింది ప్రశ్న మార్చాక. నిజామాబాద్ శాఖ కాగితాలు తీసుకుంటుంది, హైదరాబాద్ ట్రేడ్ సెల్ చూస్తుంది, కాదనేది ముంబయిలోని కంప్లయెన్స్ (నిబంధనల తనిఖీ) విభాగం. "ఇరాన్ డబ్బు తీసుకోవచ్చా" అని అడిగినన్నాళ్లు పైనుంచి వచ్చిన జవాబు "వద్దు" ఒక్కటే. అట్లాంటి ప్రశ్నకు ఔనని సంతకం పెట్టే అధికారి ఉండడు. జనవరిలో ప్రశ్నను ముక్కలు చేశాం. ఈ లావాదేవీలో కొనుగోలుదారు, అతని వాటాదారులు, అతని బ్యాంకు, ఓడ, బీమా సంస్థ ఉన్నారు. ఒక్కొక్కరి పేరు జాబితాలో వెతికిన ఫలితం, తేదీతో ముద్రించి జతచేశాం. ఓడను పేరుతో గాక ఐఎంఓ నంబరుతో (ఓడల అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) వెతికాం, పేర్లు మారుతుంటాయి, నంబరు మారదు. సరుకు కోడ్ 09103020, ఎండు పసుపు, ఆహార దినుసు అని ప్రయోగశాల ధ్రువపత్రం. తినడానికే వాడతామన్న కొనుగోలుదారు ఉత్తరం. ఒప్పందం, ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవన్న పత్రం). పైన ఒకే పేజీ ఉత్తరం: వీరిలో ఎవరి వల్ల అభ్యంతరమో రాతలో చెప్పండి.

ఈసారి జవాబు వచ్చింది, అదీ ఒకే వాక్యం. కొనుగోలుదారు బ్యాంకు డబ్బు కేంద్ర బ్యాంకు మీదుగా వస్తుంది, దానికి సెప్టెంబరు ఉత్తర్వు అడ్డం. మిగతా నలుగురి మీద మాట లేదు. తలుపు మూసే ఉంది గానీ తాళం ఎక్కడుందో తెలిసింది.

2020 ఫిబ్రవరి 27న తాళంచెవి దొరికింది. ట్రెజరీ 8వ నంబరు సాధారణ లైసెన్సు ఇచ్చింది: ఇరాన్ కేంద్ర బ్యాంకు మధ్యలో ఉన్నా ఆహారం, మందుల లావాదేవీలు చేసుకోవచ్చు. అది రాసింది అమెరికా వ్యక్తుల కోసం. అయితే వాళ్లకు అనుమతి ఉన్న పనిని అమెరికన్ కానివాళ్లు చేసినా ఆంక్ష పడదని ట్రెజరీ విడిగా వివరణ ఇచ్చింది. ఈ రెండో కాగితం లేకుండా మొదటిది మాత్రమే పంపి ఉంటే మళ్లీ తిరిగివచ్చేది. రెండూ జతచేసి, వర్తించే పేరా పక్కన గీత గీసి, మార్చి మొదటి వారంలో పంపాం. లాక్‌డౌన్ వల్ల ఆలస్యమైనా జూన్‌లో రూపాయి ఖాతాలో మిగిలిన నిల్వ నుంచి 26 లక్షలు వచ్చాయి.

ఫెమా గడువు సంగతి. బ్యాంకుకు పొడిగింపు దరఖాస్తు గడువుకు ముందే, మార్చిలోనే ఇచ్చాం. గడువు దాటాక అడిగితే అది సంజాయిషీ అవుతుంది. ఈలోగా ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు కోవిడ్ కారణంగా, 2020 జులై 31 లోపు జరిగిన ఎగుమతులన్నిటికీ 15 నెలలు ఇచ్చింది. గడువు నవంబరుకు జరిగింది. ఇది మా తెలివి కాదు, కాలం కలిసొచ్చింది.

మిగిలిన 19 లక్షలకు ఖాతాలో వంతు వచ్చే సూచన లేదు. అప్పుడు దుబాయ్ దారినే మళ్లీ తీసుకున్నాం, ఈసారి తలెత్తుకుని. కొనుగోలుదారుకు యూఏఈలో నమోదైన అనుబంధ కంపెనీ ఉంది. మూడో పక్షం చెల్లింపును రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి, షరతులతో: మారని ఆర్డరు, ముగ్గురి సంతకాల ఒప్పందం, బ్యాంకు మార్గం, ఎగుమతి ప్రకటనలో ఆ పేరు. ప్రకటనలో పేరు సరుకు పంపినప్పుడే ఉండాల్సింది. లేదు కాబట్టి ఎందుకు అవసరమైందో రుజువులతో వివరించాల్సి వచ్చింది. కేంద్ర బ్యాంకు జాబితాలో చేరిన ఉత్తర్వు, తిరిగివచ్చిన డాలరు బదిలీ సందేశం, కంప్లయెన్స్ రాసిన ఆ ఒక్క వాక్యం ఇక్కడ పనికొచ్చాయి. ఓడిపోయిన ప్రయత్నాల కాగితాలు పారేయకుండా పెట్టుకున్నందుకు ఇది ఫలితం. చెల్లింపు దిర్హామ్‌లలో, సందేశంలో బిల్లు నంబరు, సరుకు, గమ్యం అన్నీ పూర్తిగా.

సెప్టెంబరు చివర్లో 17 లక్షలు వచ్చాయి. అక్టోబరు 8న అమెరికా ఇంకో 18 ఇరాన్ బ్యాంకుల మీద ఆంక్షలు పెట్టింది. ఆహారానికి దారి అప్పుడూ కాగితం మీద ఉంది. కానీ ఆ వారం మన బ్యాంకు డెస్కుల మీద ఇరాన్ ఫైళ్లన్నీ ఆగిపోయాయి. మిగిలిన 2 లక్షల కోసం ఇంకో ఫైలు తెరవడం కంటే తగ్గింపు మేలనిపించింది. ఇన్వాయిస్ విలువలో 25 శాతం దాకా తగ్గించే అధికారం బ్యాంకుకే ఉంది, ఇది 5 శాతం లోపే. ఆ మేరకు ఎగుమతి ప్రోత్సాహకం వెనక్కి కట్టించి నవంబరు గడువులోపు బిల్లు మూయించాం.

దీన్ని విజయం అనడం కష్టం. అసలు దాదాపు అంతా వచ్చింది. ప్యాకింగ్ క్రెడిట్ మీద వడ్డీ, రాయితీ వడ్డీ పోయినందుకు పడిన అదనం, దేశంలో అమ్మిన సరుకు నష్టం కలిపితే ఆ ఏడాది ఇరాన్ వ్యాపారం లాభమంతా పోయి చేతినుంచి పడింది.

తర్వాత మారినవి

ఆ ఎగుమతిదారు ఇరాన్‌కు అమ్మడం మానలేదు, మానమని మేం చెప్పలేదు కూడా. అరువు మానేశాడు. సగం అడ్వాన్సు వచ్చాకే లారీ కదులుతుంది, మిగతా సగం కాగితాల నకళ్లు చూపగానే. యూఏఈ కంపెనీ పేరు చెల్లింపుదారుగా ఆర్డరులో, ఇన్వాయిస్‌లో, ఎగుమతి ప్రకటనలో మొదటి రోజు నుంచే ఉంటుంది. ఒప్పందంలో ఒక షరతు చేరింది: చెల్లింపు దారిలోని ఏ బ్యాంకు మీదైనా కొత్త ఆంక్ష పడితే పది రోజుల్లో కొనుగోలుదారు ఇంకో దారి చూపాలి, చూపకపోతే రేవు దాటని సరుకు మీద హక్కు అమ్మకందారుదే. "ఆంక్షల వల్ల ఇబ్బంది వస్తే ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలి" అన్న పాత వాక్యం తీసేశాం. మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒప్పందం ఎందుకు.

ఫైలు అట్ట మీద ఒక చిన్న పట్టిక ఉంటుంది. దారిలో ఉన్న ప్రతి పేరు, దాని మీద ఏ ఉత్తర్వు, ఏ మినహాయింపు లేదా లైసెన్సు, ముగిసే తేదీ. తేదీ లేనివి నలుపులో, ఉన్నవి ఎరుపులో. లారీ ఎక్కించే రోజున కాదు, డబ్బు చేరాల్సిన రోజున ఆ ఎరుపు తేదీ దాటుతుందా అని చూస్తారు. వరంగల్‌లోని ఎనుమాముల యార్డు నుంచి మిర్చి పంపే ఒకరిద్దరు కూడా ఇప్పుడు ఈ పట్టిక వాడుతున్నారు. వాళ్ల సరుకుకు ఆంక్షలతో సంబంధం తక్కువే, ఓడ, బ్యాంకు వరసలు పనికొస్తున్నాయి.

2025 సెప్టెంబరులో ఇరాన్‌లోని చాబహార్ రేవుకు 2018 నుంచి ఉన్న సడలింపును ఆ నెల 29 నుంచి రద్దు చేస్తున్నట్టు అమెరికా ప్రకటించినప్పుడు ఎగుమతిదారు ఫోన్ చేశాడు. ఆయన సరుకు దిగేది బందర్ అబ్బాస్‌లో, చాబహార్‌తో పని లేదు. అక్టోబరు చివర్లో ఆ రేవుకు భారత్ కోసం మళ్లీ ఆరు నెలల వెసులుబాటు వచ్చింది. మేం అడిగింది ఒక్కటే: అడ్వాన్సు ఎంత వచ్చిందని. సగం రాలేదు, నలభై శాతమే వచ్చింది. సగం నిండే దాకా కంటెయినర్ సీలు వేయొద్దని చెప్పాం.